మెరిసిన మంచినీళ్లు

మెరవకూడని సీసా మెరిసింది.

కరుణ యూవీ టార్చి ఆర్పి మళ్లీ వేసింది. తను తయారుచేసిన కార్బన్ కణాల సీసా నీలంగా వెలుగుతోంది, అది సరే. పోల్చి చూడడానికి పక్కన పెట్టిన ఉత్త నీళ్ల సీసా కూడా అంతే నీలంగా వెలుగుతోంది.

"నీళ్లెందుకు మెరుస్తాయి కరుణా? రంగేమైనా కలిపావా?"

ఆ కాలేజీలో తెలుగు మాట్లాడే ఏకైక ప్రొఫెసర్ పద్మారాణి గొంతు పెంచలేదు. అదే భయంగా ఉంది.

నిమ్మరసం, యూరియా మైక్రోవేవ్‌లో మాడ్చి, ఆ ముద్దను నీళ్లలో కరిగించి వడగట్టానని, అంతకు మించి చుక్క కలపలేదని కరుణ ఒట్టేసింది. ఇంకో నలభై నిమిషాల్లో పరీక్షకులొస్తారు. మోసమని రాశారంటే ఎమ్మెస్సీ ఇక్కడితో సరి. తెలుగు నేతగాళ్లు వలసొచ్చిన గోడాదరాలో మగ్గాల మోతకు చెవులు పోగొట్టుకున్న కన్న బాపుకు ఏం చెప్పాలి?

"సీసాలు ఎవరు ముట్టారు?"

కరుణ తలుపు వైపు చూసింది. సీసాల డబ్బా తెచ్చిన సురేశ్ ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. వాళ్ల గల్లీవాడే. బట్టలకు రంగులద్దే మిల్లులో పని. కాలేజీ బోరు నీళ్లకు సీసాల మీద మరకలు పడుతున్నాయని ఆమె వాపోతే, మిల్లులో మంచినీళ్లున్నాయి, కడిగి తెస్తానని నిన్న పట్టుకెళ్లాడు. ఆమె ఏమడిగినా కాదనడు. ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనరు.

కరుణ టార్చి అతని వైపు తిప్పింది. పది గోళ్లూ నీలంగా వెలిగాయి.

"ఏం పెట్టి కడిగినవ్?"

"తెల్లబట్ట మెరవాలని మిల్లుల వేస్తం గదా, ఆ పౌడర్." సురేశ్ ముఖంలో నెత్తురు లేదు. "నీ సీసాలు గూడ మెరవాలె అనుకున్న. గంతే."

"గవి సీసాలు. చీరలు కాదు."

ఆమెకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కొత్త గాజు గొట్టాల పెట్టె చించి అన్నీ మళ్లీ నింపింది. టార్చి వేసింది. నీళ్లు చీకటిగా ఉండిపోయాయి, కణాలు మాత్రం వెలిగాయి.

ఆరు నిమిషాలే మిగిలాయి. పద్మారాణి ల్యాబ్ పుస్తకం తెరిచింది. పాడైన నమూనాకు ఎదురుగా కారణం, కారకుడి పేరు రాయాలి, లేకపోతే తప్పు విద్యార్థిదే. నీ నోటితోనే చెప్పమంది.

నా పేరు చెప్పెయ్యమని సురేశ్ సైగ చేశాడు.

కరుణ తల వంచుకుంది.

"నన్ను గన్న మా అవ్వ ఇప్పటిదాక మా బాపు పేరు నోటితోని పలకలే, మేడం. కట్టుకునేటోని పేరు పలకొద్దంటది. ఇగ మీదట నేను గూడ పలకను."

తలుపు దగ్గర ఖాళీ డబ్బా కిందపడింది.

"ఈ ఒక్కసారికి చెప్త, రాసుకోండ్రి. సురేశ్."