ఐదో స్తంభానికి పిల్లనడిగిన కథ

తాను చేతులు కాచుకుంటున్న మంట తాను పాతిన సర్వే కర్రలదేనని తెలుసుకోవడానికి వజ్దీకి రెండు రొట్టెలు తినేంత సేపు పట్టింది.

ఐన్ బర్ద కొండవాలున, మంచు మీద జారే ఆటకు వచ్చినవారిని తీగ మీద పైకి మోసే పాత కుర్చీ లిఫ్టు మొదలయ్యే చోట, జుమానా రొట్టెల దుకాణం ఉంది. బోర్లించిన ఇనుప పెనం మీద ఆమె పలుచని రొట్టెలు కాలుస్తుంది. పెనం కింద కట్టెల నడుమ ఎర్రరంగు పూసిన కొస ఒకటి, దాని మీద తన చేతివ్రాతలోనే ఉన్న ‘5’ అంకె, నెమ్మదిగా నల్లబడుతూ అతని కంటబడ్డాయి.

“ఇది నా కర్ర,” అన్నాడు వజ్దీ.

“అవును,” అంది జుమానా, పిండిముద్దను ఒక అరచేతి నుంచి మరో అరచేతికి ఎగరేస్తూ. “బాగా కాలుతోంది. నిన్నటిది కాస్త తడిగా ఉండింది.”

“నిన్నటిది కూడా మీరే పీకారా?”

“మొన్నటిది కూడా. మీరు అడగలేదని చెప్పలేదు.”

“అది లిఫ్టు స్తంభం రావాల్సిన చోటండీ. కొత్త లిఫ్టుకి ఐదో స్తంభం.”

“అది చెర్రీ చెట్లు రావాల్సిన చోటు. అవి మా ముత్తాత కాలంలోనే వచ్చేశాయి.”

వజ్దీ షూఫ్ కొండల నుంచి వచ్చిన ఇంజనీరు. ఇద్దరేసి కూర్చునే పాత లిఫ్టును తీసేసి, వచ్చే శీతకాలానికల్లా నలుగురేసి కూర్చునే కొత్త లిఫ్టు నిలపాలని ఆ మంచుకొండ యజమాని సంకల్పించాడు. ఆ పని మొత్తం వజ్దీ చేతిలో పెట్టాడు. అంత పెద్ద బాధ్యత అతనికి అదే మొదటిది. లోయ నుంచి శిఖరానికి గీసిన గీత తిన్నగా పోవాలి. ఆ తిన్నని గీత తిన్నగా పోయి వాలును మెట్లు మెట్లుగా చదును చేసి పెంచిన షేక్ షాహీన్ గారి చెర్రీ తోటలో మూడో మెట్టు మీద కాలు మోపుతున్నది. ఆ షేక్ గారి మనుమరాలే జుమానా. మంచు కరిగేలోగా ఆ చోటు ఖాయం కాకపోతే యంత్రాలు మరో కొండకు తరలిపోతాయి. వజ్దీ మొదటి లిఫ్టు కాగితం మీదే మిగిలిపోతుంది.

“నలుగుర్ని మోస్తుందట కదా మీ లిఫ్టు?” అడిగింది జుమానా.

“మోస్తుంది. వేగంగా కూడా. ఇక క్యూ అన్నదే ఉండదు.”

“క్యూ లేకపోతే నా రొట్టెలు ఎవరు తింటారు? జనం ఆకలేసి తింటారనుకుంటున్నారా ఇంజనీరు గారూ? నిలబడి నిలబడి విసుగెత్తి తింటారు.”

దానికి జవాబుగా వజ్దీ మూడో రొట్టె అడిగాడు.

అది మొదలు ప్రతి ఉదయం అతను కర్ర పాతడం, ప్రతి సాయంత్రం ఆమె దానిని పీకడం నిత్యవిధిగా సాగింది. ఏ వేళకు ఆ వేళ తప్పకుండా జరిగిన ఆ క్రతువులో ఇద్దరి నడుమా కోపం క్రమంగా సన్నగిల్లి, అలవాటు బలపడింది. చలి ఉదయాలలో అక్కడి వారు మతే అనే వేడి పానీయాన్ని ఒకే గిన్నెలో, ఒకే లోహపు గొట్టంతో వంతులవారీగా తాగుతారు. గిన్నె మరొకరికి అందించే ముందు గొట్టం కొసను నిమ్మతొక్కతో తుడుస్తారు. లిఫ్టు పనివాళ్ళందరికీ జుమానా ఒకే తొక్కతో సరిపెట్టేది. వజ్దీ వంతు వచ్చేసరికి మాత్రం కొత్త నిమ్మకాయ కోసేది. ఆ సంగతి వజ్దీ ఒక్కడు తప్ప ఊరంతా గమనించింది.

ఒకనాడు వానా మంచూ కలిసి పడుతుండగా, కొండ మీది విశ్రాంతిశాలకు రొట్టెల బుట్ట చేరవేయడానికి ఆమె, గీత పై కొస కొలవడానికి అతను, ఒకే కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. సగం దూరం పోయాక లిఫ్టు మూలిగి నిలిచిపోయింది. కింద చెర్రీ తోట, పైన మబ్బు, నడుమ వాళ్ళిద్దరు.

“ఆగింది,” అన్నాడు వజ్దీ.

“ఆగుతుంది. గాలొచ్చినా ఆగుతుంది, కరెంటు పోయినా ఆగుతుంది, నడిపేవాడికి కునుకొచ్చినా ఆగుతుంది.”

“కొత్తదొస్తే ఈ బాధ ఉండదు.”

“ఉండదు. మీ పక్కన ఇంకో ఇద్దరు కూర్చుంటారు.”

అలా అని ఆమె తల తిప్పుకొని మబ్బుల వైపు చూడసాగింది. ఆమె కనురెప్పల మీద పడిన మంచురవ్వ ఒకటి కరగాలా వద్దా అని తటపటాయిస్తున్నట్లుగా నిలిచింది. ఇద్దరేసి కూర్చునే లిఫ్టులో తనకు ఏ పుస్తకమూ చెప్పని సుగుణం ఒకటి ఉన్నదని వజ్దీకి తన వృత్తిజీవితంలో మొదటిసారిగా తోచింది.

అయినా స్తంభం స్తంభమే. ఎటూ తోచక అతను గ్రామపెద్ద అబూ నజీమ్‌ను ఆశ్రయించాడు.

“కాగితాలు పట్టుకెళ్తే షేక్ గారు కాదంటారు,” అన్నాడు అబూ నజీమ్, మీసం దువ్వుకుంటూ. “పెద్దమనుషులతో వెళ్దాం. కాఫీ పోస్తారు. మనం ముట్టం. అతిథి కాఫీ ముట్టకపోతే ఏ ఇంటికైనా తలవంపులు. అప్పుడిక అడిగింది ఇవ్వక ఏం చేస్తారు?”

“అది బలవంతం చేసినట్టు కాదా?”

“మర్యాద నాయనా, మర్యాద. ఉత్తి చొక్కాతో రావద్దు, మంచి కోటు తొడుక్కో.”

శుక్రవారం సాయంత్రం ఊరి పెద్దలందరూ నున్నగా క్షవరం చేయించుకొని, వజ్దీని నడుమ కూర్చోబెట్టుకొని, షేక్ షాహీన్ గారి చావడిలో ఆసీనులయ్యారు. షేక్ గారు తెల్లని తలపాగాతో, మంచు కప్పిన దేవదారు వృక్షంలా నిండుగా కూర్చున్నారు. ఏలకుల పరిమళంతో కాఫీ వచ్చింది. అబూ నజీమ్ తన గిన్నె అందుకొని, పెదవికి తాకించకుండా, తివాచీ మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“షేక్ గారూ, మా మనవి చెల్లేదాకా మీ కాఫీ మాకు విషం.”

తక్కినవారూ గిన్నెలు దించారు. అబూ నజీమ్ షేక్ గారి వంశాన్ని స్తుతించాడు. వారి తాతగారి అశ్వాన్ని స్తుతించాడు. దైవం ఈ కొండకు ప్రసాదించిన మంచును, ఆ మంచును నమ్ముకొని బతికే జనాన్ని వర్ణించాడు. అశ్వం తాలూకు తల్లి దగ్గరకు వచ్చేసరికి షేక్ గారు చెయ్యెత్తారు.

“అబూ నజీమ్, కాఫీ చల్లారిపోతోంది. మీరు ఎందుకొచ్చారో ఈ ఊళ్ళో పిల్లి పిల్లక్కూడా తెలుసు. ఇచ్చాను. తాగండి.”

అందరూ అమితమైన ఉపశమనంతో ఒక్క గుక్కలో తాగేశారు. షేక్ గారు లోపలి తలుపు వైపు తిరిగారు.

“ఉమ్మ్ రమ్జీ, విన్నావుగా. ఇక నీ ఇష్టం.”

తలుపు వెనుక పొంచి ఉన్న జుమానా మేనత్త ఉమ్మ్ రమ్జీ నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో స్త్రీలు చేసే మంగళధ్వని అందుకుంది. పక్క ఇంటి వారు జవాబిచ్చారు. అబూ నజీమ్‌కు మింగిన కాఫీ పొలమారింది.

“స్తంభం అడగడానికి కదా వచ్చాం, పిల్లనడగడానికా?” అని ఒక ముసలాయన అతని చెవిలో గొణిగాడు.

“నోరు మూసుకో. మాటిచ్చేశారు, తాగేశాం. తాగిన కాఫీ ఇప్పుడు కక్కుతావా?”

వజ్దీ తన ఖాళీ గిన్నెలోకి తొంగిచూశాడు. మిఠాయి పళ్ళెంతో వచ్చిన జుమానా దానిని అతని ముందు దించి, “ఒకసారి పెరట్లోకి రండి,” అంది. ఆ కంఠంలో పెళ్ళికళ లేశమైనా లేదు.

పెరట్లో మంచు అడుగులోతు ఉంది.

“నన్ను ఎప్పుడు అడిగారు మీరు?”

“నేను మిమ్మల్ని అడగడానికి రాలేదు,” అన్నాడు వజ్దీ కంగారుగా. లోకంలో ఉన్న మాటలన్నిటిలోకీ చెడ్డ మాట తానే ఏరుకున్నానని మరుక్షణమే గ్రహించాడు.

“ఏమిటీ?”

“ఐదో స్తంభం కోసం వచ్చాం. అబూ నజీమ్ అసలు సంగతికి రాకముందే మీ తాతగారు...”

జుమానా మంచులో ఒక అడుగు వెనక్కి వేసింది. “అంటే, మీరు స్తంభం అడిగితే చిల్లర లేక నన్నిచ్చారన్నమాట.”

“అలా కాదు. నాకు ఇష్టమే...”

“ఏది? స్తంభమా?”

ఆమె లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. తివాచీల దుమ్ము దులిపేంత చప్పుడయింది.

మర్నాడు ఉదయప్రార్థన ముగిసేదాకా వజ్దీ వీధిలో నిలబడి, తరువాత ఒంటరిగా షేక్ గారి ఎదుటికి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“షేక్ గారూ, నిన్న మీ కాఫీ నేను దొంగతనంగా తాగాను.”

“దొంగతనంగా? నేనే పోయించాను కదా నాయనా.”

“మేమొచ్చింది అమ్మాయి కోసం కాదు. తోటలో స్తంభం పాతుకోవడానికి.”

షేక్ గారు అతనిని పైనుంచి కిందికి చూశారు. “ఇనుప స్తంభం కోసమా, అంతమంది గడ్డాలు గీయించుకుని వచ్చింది?”

“అవునండీ. మీ మర్యాదని అడ్డం పెట్టుకుని మీ చేత అవుననిపించాలని. నాకు తెలిసే ఒప్పుకున్నాను. తప్పు.”

“మరి పిల్ల చేత రోజూ కొత్త నిమ్మకాయ కోయించుకుని తాగింది? అది కూడా స్తంభం కోసమేనా?”

“ఏ నిమ్మకాయండీ?”

షేక్ గారు తలపాగా సర్దుకొని, పైవాడిని తలచుకొని, ఓర్పు తెచ్చుకున్నారు. “సరే. ఒక కాఫీ మీద ఒకటే మాట. రెండిట్లో నీకేది కావాలో చెప్పు. అదే ఇచ్చాననుకుంటాను.”

ఒక్క మాట అంటే లిఫ్టు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. మరొక్క మాట అంటే జుమానా అతని ఇంటికి వస్తుంది. అయితే ఆమె కళ్ళు నిన్న పెరట్లో ఉన్నట్టే ఎల్లకాలమూ ఉంటాయి.

“స్తంభం వద్దండీ,” అన్నాడు వజ్దీ. “అమ్మాయి కావాలి. కానీ మీరిస్తే తీసుకోను. తను ఒప్పుకుంటేనే.”

“ఒప్పుకోకపోతే?”

“సామాన్లు సర్దుకుంటాను.”

“అయితే సర్దుకో,” అన్నారు షేక్ గారు, మీసం చాటున ఏ భావమూ కనబడనీయకుండా.

వజ్దీ తోటలోకి వెళ్ళి, మూడో మెట్టు మీద నిలిపిన కొలత యంత్రాన్ని విప్పి పెట్టెలో సర్దసాగాడు. మొగ్గ తొడగని చెర్రీ కొమ్మల మీద నుంచి మంచు కరిగి చుక్కలు చుక్కలుగా అతని మెడ మీద రాలుతున్నది. వెనుక అడుగుల చప్పుడయింది.

“మా ఇంట్లో కాఫీ తాగి ఉత్త చేతులతో వెళ్ళినవాడు ఇంతదాకా లేడు,” అంది జుమానా. “మాకు చెడ్డపేరు.”

“విన్నారా అంతా?”

“మా అత్త వింది. నేను మా అత్త వెనక నిలబడ్డాను.”

“మరి ఇంకేం చెప్పను?”

“మా తాత రెండిట్లో ఒకటి ఏరుకోమన్నాడు చూడండి, ఆ రెండిట్లో ఒక్కటి కూడా ఆయనది కాదు. ఈ మూడో మెట్టు మా నాయనమ్మ నాకిచ్చింది. మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే మీరు భూమి కోసం వస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు.”

వజ్దీ పెట్టె మూత మీద కూలబడ్డాడు. “అయితే రోజూ నేను కర్ర పాతింది...”

“నా నేలలో. నా ఎదురుగా రొట్టెలు తింటూ, ఒక్కనాడైనా నన్నడగకుండా. మీ స్తంభానికి తాతని అడిగారు, పెళ్ళికి తాతని అడిగారు. రెంటికీ సొంతదారు పక్కనే నిలబడి నిమ్మకాయలు కోస్తోంది.”

“ఈ నిమ్మకాయల సంగతేమిటి, ఇందాక మీ తాతగారు కూడా...”

“పెళ్ళయ్యాక చెప్తాను,” అంది జుమానా. అన్న తరువాత తన మాట తనకే వినబడి, చెవుల దాకా ఎర్రబడింది.

వజ్దీ లేచి నిలబడ్డాడు. కొండలు కొలిచే మనిషికి తమ ఇద్దరి నడుమ ఉన్న రెండడుగుల దూరం కొలతకు అందలేదు.

“జుమానా,” అన్నాడు. “పెద్దమనుషుల్ని తేలేదు. ఉపన్యాసం రాదు. నన్ను చేసుకుంటావా? లిఫ్టు లేకపోయినా, ఉద్యోగం ఊడినా?”

“ఉద్యోగం ఊడితే పిండి కలపడం వచ్చా?”

“నేర్చుకుంటాను.”

“అయితే సరే,” అంది ఆమె.

ఇద్దరూ కలిసి వెళ్ళేసరికి షేక్ గారు అదే చోట, అదే భంగిమలో ఉన్నారు. జుమానా విషయం చెప్పింది. ఆయన నొసలు ముడిపడింది.

“నిన్న నేను చెప్పిందీ ఇదేగా తల్లీ. దీనికింత తిరుగుడెందుకు?”

“నిన్న మీరిచ్చారు తాతా. ఇవాళ నేనిచ్చాను.”

షేక్ గారు ఆ మాటను తూకం వేసినట్లు తల పంకించి, ఇద్దరి తలల మీదా చేయి ఉంచి దీవించారు. ఆ చేయి ఇంకా తల మీద ఉండగానే వజ్దీ నోరు తెరిచాడు.

“జుమానా, మరి ఆ మూడో మెట్టు సంగతి...”

“నాయనా,” అన్నారు షేక్ గారు, అతని తలను మెత్తగా కిందికి నొక్కుతూ, “ఇవాళ్టికి ఇది చాలు.”