ఓర్చుకునేవాళ్ళ పేట

ఆ ఉదయం డాక్టరమ్మ కాఫీని వేడిగా ఉండగానే తాగింది. ఆ ఇంట్లో అదొక వింత. రోజూ తెల్లారేసరికి ముందుగది బెంచీల మీద చోటుండదు, గుమ్మం బయట కూడా జనమే. అలాంటిది నిన్నటి నుంచి ఒక్కరూ రాలేదు. అంత పెద్ద పేటలో ఉన్నట్టుండి అందరికీ ఆరోగ్యం వచ్చేసిందంటే ఎవరు నమ్ముతారు? డాక్టరమ్మ నమ్మలేదు. స్టెతస్కోపు మెడలో వేసుకుని కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతోంది.

వాళ్ళమ్మ మాత్రం వంటింట్లో హాయిగా ఉంది. కూతురు చిక్కి సగమైపోతుంటే ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది? పట్నంలో పెద్ద ఆసుపత్రివాళ్ళు రమ్మంటున్నా, ఇంకో డాక్టరు మొహమే ఎరగని ఈ పేటను పట్టుకుని వేలాడుతోందని ఆవిడ బాధ. అందుకే మొన్న కుళాయి దగ్గర ఆడవాళ్ళతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. అయినదానికీ కానిదానికీ వచ్చి పిల్లను ఇలా పీక్కుతింటే నెలాఖరుకి తీసుకెళ్ళిపోతానంది.

మధ్యాహ్నం కాకముందే వీధి చివరి దర్జీ నిండు నెలల భార్యను తోపుడుబండి మీద పడుకోబెట్టి తెచ్చాడు. కింద వేసిన దుప్పటి నెత్తుటితో తడిసిపోయింది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు కోసం డాక్టరమ్మ ఎంత వెతికినా వినబడలేదు. తల్లిని దక్కించుకునేసరికి సాయంత్రమైంది. బిడ్డ మాత్రం దక్కలేదు.

నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని అడిగితే నిన్న పొద్దున్ననే అన్నాడు దర్జీ. అప్పుడే ఎందుకు తీసుకురాలేదని డాక్టరమ్మ గొంతు పెంచింది. అతను తల వంచుకున్నాడు.

"మిమ్మల్ని విసిగిస్తే వెళ్ళిపోతారని పెద్దమ్మగారు అన్నారటండీ. మా ఆవిడ కొంచెం ఓర్చుకుంటానంది. పేటలో అందరం అలాగే అనుకున్నామండీ."

డాక్టరమ్మ విసురుగా వంటింట్లోకి వచ్చింది. తల్లి మొదట తగ్గలేదు. నేనేమైనా వాళ్ళను చావమన్నానా, నా బిడ్డను బతకనివ్వమన్నాను, అంతే కదా అని ఎదురడిగింది. పేటంతటినీ నువ్వొక్కదానివే మొయ్యాలా అంది.

"పట్నంలో నేను లేకపోతే ఇంకో నలుగురుంటారమ్మా. ఇక్కడ నేను లేకపోతే వీళ్ళు ఓర్చుకుంటారు. నాకు ఆ ఓర్పంటేనే భయం. త్యాగమూ కాదు, మన్నూ కాదు. ఆ భయమే నన్నిక్కడికి తెచ్చింది."

అంటూనే గోడకు చేరబడి పసిపిల్లలా ఏడ్చేసింది. ఎంత కష్టమొచ్చినా కన్నీరు పెట్టని కూతురు అలా ఏడుస్తుంటే తల్లి చేతిలోని గరిటె పక్కన పెట్టేసింది. చేసిన పని ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది ఆవిడకు.

తడబడుతూ ముందుగదిలోకి వెళ్ళింది. దర్జీ బిడ్డను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. క్షమించమని అడుగుదామని ఆవిడ దగ్గరకు వెళ్ళింది. ఆవిడను చూసి, బిడ్డను పొదువుకుని అతనే లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మగారూ, ఇవాళ డాక్టరమ్మగారిని చాలా కష్టపెట్టామండీ. వెళ్ళిపోరు కదా?"

ఆవిడ బెంచీ మీద కూలబడి, చేతులు చాచి ఆ బిడ్డను తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఎక్కడికీ పోదు నాయనా," అంది వెక్కుతూ. "నేను పోనివ్వను."