పాప పడుకుందా?

మలక్కాలో, నది వెనక సందులో ఆ మూసేసిన ఇల్లుంది చూశారూ… పొద్దుగూకాక దాని ముందు నడవొద్దనేవాళ్లు. కిటికీ వెనక నుంచి ఓ ఆడగొంతు అడుగుతుందట — "పాప పడుకుందా?"

ఎవరికి వాళ్ల భాషలోనే వినపడేది, అదీ విచిత్రం. రొయ్యల వల భుజానేసుకుని పోయే పోర్చుగీసు పేట అన్సెల్మోకి వాళ్ల క్రిస్తాంగ్‌లో. మసీదు నుంచి వచ్చే హాజీ గారికి మలయ్‌లో. గుడి పూజారికి అరవంలో. బదులు మాత్రం ఎవరూ ఇవ్వలేదు… అన్సెల్మో అయితే జ్వరంతో మంచం పట్టాడు.

మేం చెట్టివాళ్లం. మొక్కేది మారియమ్మకి, ఇంట్లో మాట్లాడేది మలయ్. మా పక్కింటి దేవనైకి ఇవన్నీ నవ్వులాట. "నన్నడగనీ, నీకెందుకే ముసలీ అంటాను!" అనేది.

ఆ రాత్రి వాన. బాలింత నేస్తానికి మిరియాల చారు ఇచ్చి, దగ్గరదారని ఆ సందులోంచే వచ్చింది. మా అరుగెక్కేసరికి పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"పిలిచిందక్కా… కానీ నాకు అర్థం కాలేదు."

"మలయ్‌లో అడగలేదూ?"

"ఊహూ. వేరే ఏదో…" విన్నది విన్నట్టు పలికింది.

నా పక్కన కూర్చున్న చీనా ఆవిడ స్వీ హియాంగ్ చేతిలో తమలపాకు జారిపోయింది.

"అది మా హొక్కియన్. కానీ పాప పడుకుందా అని కాదు…" గొంతు తగ్గించింది. "'లేచావా, తల్లీ?' అంది."

పక్కింటి గుమ్మంలో నిలబడ్డ దేవనై తల్లి పొన్నమ్మాళ్ మా అరుగు మీదకొచ్చి కూర్చుంది.

"యుద్ధం రోజులు… జపానోళ్లు చీనావాళ్లని చంపేందుకు లారీలెక్కిస్తున్నారు. మిఠాయిల గంపతో వీధులన్నీ తిరిగేది ఆ ఇంటావిడ. అందరి భాషలూ వచ్చు. ఆ రోజు పసిగుడ్డునెత్తుకుని, ఏ గుమ్మానికెళ్తే ఆ ఇంటివాళ్ల భాషలో బతిమాలింది — దాచమని. ఎవరికీ ధైర్యం చాల్లేదు. నేను… తీసుకున్నాను దీన్ని. ఆ రాత్రే ఆ ఇంట్లో అందర్నీ పట్టుకుపోయారు."

దేవనై ఏడవలేదు. వానలోకి నడిచింది. మేం వెంటపడ్డాం. కిటికీ కింద నిలబడి, తనకొచ్చిన మలయ్‌లోనే, మెల్లగా —

"లేచానమ్మా."

లోపల, ఎవరో గడియ తీశారు.

అబద్ధమెందుకు, మేం పరుగెత్తాం. వెనక్కి చూస్తే దేవనై లేదు. లాంతర్లు పట్టుకుని మగాళ్లు వెళ్లారు. తలుపుకి తుప్పుపట్టిన తాళం అలాగే ఉంది.

తెల్లారి తనే వచ్చింది. తల నున్నగా దువ్వి, జడ వేసి ఉంది.

"రాత్రంతా ఎక్కడ చచ్చావే పిల్లా?" కంగారులో స్వీ హియాంగ్ తన భాషలోనే అడిగేసింది.

దేవనై తడుముకోకుండా అదే భాషలో బదులు చెప్పింది.

స్వీ హియాంగ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో ఊదింది. "'మా అమ్మ దగ్గర' అంటోందే…"

పొన్నమ్మాళ్ మా మొహాలు మార్చి మార్చి చూస్తోంది. "ఏమంది? నా బిడ్డ ఏమందే?"

మేం చెప్పలేదు.