పైలట్ పట్టే విమానం

విమానం ఎక్కడం ప్రణయ్‌కి బాగానే వచ్చు. ఆ రోజు దిగడమే రాలేదు.

సూరత్ ఎయిర్‌పోర్టు హ్యాంగర్‌లో ఆ చిన్న ప్రైవేటు విమానం తెల్లగా, సన్నగా, ముద్దుగా నిలబడి ఉంది. ఆరడుగుల మూడంగుళాల ప్రణయ్ దాని తలుపులో సగం లోపలా సగం బయటా ఉన్నాడు. మోకాళ్ళు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కున్నాయి. తిప్పాల్సిన స్టీరింగు తొడకు తగిలి ఆగిపోతోంది. భుజమైతే కిటికీకి అతుక్కుపోయింది.

కింద నిలబడి చూస్తున్న అమ్మాయి హారతి. సూరత్‌లోని సలాబత్‌పురా బజారులో హస్ముఖ్ సేఠ్ చీరల కంపెనీకి పర్చేజ్ మేనేజర్. నూలు కొంటుంది, మగ్గాలు కొంటుంది, అట్టపెట్టెలు కొంటుంది. సేఠ్ రాజస్థాన్‌లో కొత్త మిల్లు పెట్టి, వెళ్ళి రావడానికి విమానం కావాలన్నాడు. సరే, అదీ కొంటోంది.

ఫోన్‌లో వాళ్ళమ్మతో మెల్లగా అంది. "పైలట్ వచ్చిండే అమ్మా. పంజాబాయన లెక్కున్నడు. ఈయనకు విమానం గాదు, లారీ చూడాలె."

"లారీ గూడ నడుపుత గని, జర ఈ సీటు ఎనకకు జరుపుండ్రి మేడమ్," అన్నాడు లోపల్నుంచి పంజాబాయన.

హారతి మొహం ఎర్రబడింది. "మీరు... మన తెలుగోళ్ళా?"

"ఈడనే, సూరత్ కోసాడ్‌ల ఉంటం. మా నాయిన సోమలింగం మీ సేఠ్ మగ్గాల మీదనే ముప్పై ఏండ్ల సంది పనిచేస్తుండు."

"మరి మీ సైజు ముందే చెప్పాలె గద!"

"అప్లికేషన్‌ల సైజు అడగలే. చీరల కంపెనీ గదా, ఫ్రీ సైజ్ అనుకున్న."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టని ఫైల్లోకి తల దూర్చింది.

నిజానికి అది నవ్వే సమయం కాదు. లైసెన్సు చేతికొచ్చి రెండేళ్ళయినా ప్రణయ్‌కి ఉద్యోగం లేదు. రెండు కంపెనీల వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచి, గుమ్మంలో చూసి, తర్వాత చెబుతామన్నారు. సోమలింగం మీద అభిమానంతో సేఠ్ అవకాశం ఇచ్చాడు గానీ ఒక షరతు పెట్టాడు. శనివారంలోగా ప్రణయ్ పట్టే విమానం దొరక్కపోతే ముంబై నుంచి ఒక సన్నటి పైలట్ వస్తాడు. సేఠ్ మనసంతా ఈ తెల్ల విమానం మీదే ఉంది. దాని ఫొటో అప్పుడే ఆయన ఫోన్ మీదికెక్కింది.

కొడుకును విమానంలో చూసుకుందామని సెలవు పెట్టి వచ్చిన సోమలింగం దగ్గరికొచ్చాడు. మగ్గాల మధ్య మాట్లాడినట్టే గట్టిగా హారతిని అడిగాడు. "బిడ్డా, లోపట వెడల్పెంతని రాసిండ్రు?"

"నలభై ఎనిమిది ఇంచులు కాకా. బ్రోచర్‌ల ఉంది," అని ఆమే గట్టిగా అరిచి చెప్పింది.

"ఏడ కొలిచిండ్రు? గ్రే పన్నానా, ఫినిష్ పన్నానా?"

హారతి నెత్తి కొట్టుకుంది. బట్ట వెడల్పును సూరత్ బజారులో పన్నా అంటారు. మగ్గం మీద నుంచి దిగిన గ్రే బట్ట నలభై ఎనిమిది అంగుళాలుంటే, రంగు పడి వచ్చేసరికి ముడుచుకుని నలభై నాలుగవుతుంది. గ్రే పన్నా చెప్పి ఫినిష్ బట్ట అంటగట్టబోయే వాళ్ళను ఆమె రోజూ వాపసు పంపుతుంది. అలాంటి మనిషి కాగితం మీది అంకె చూసి విమానానికి ఓకే చెప్పేసింది.

బ్యాగులోంచి టేపు తీసి కొలిచింది. మోచేతుల దగ్గర నలభై ఎనిమిది. భుజాల దగ్గర నలభై ఒకటి.

"రేపు గోడౌన్‌కు రాండ్రి," అంది ప్రణయ్‌తో. "ముందు మనిషిని కొలిచి, తర్వాత మిషన్ ఎతుకుత."

మర్నాడు సలాబత్‌పురాలో వాన దంచి కొడుతోంది. చీరల మూటల మధ్య ప్రణయ్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి హారతి కొలతలు రాసుకుంది. మోకాలి నుంచి నడుము దాకా. తొడ ఎత్తు. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా టేపు పట్టేసరికి ఆమె చెయ్యి చాలక చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి ఇడువుండ్రి. విమానంల గూడ గిట్లనే బిగబడతరా?"

"విమానంల మీరుండరు గద," అన్నాడు. అనేశాక అతనికే సిగ్గేసింది.

హారతి విననట్టు నటించి, మూటలు తూచే కాటా చూపించింది. "ఎక్కుండ్రి."

"ఫారంల రాసిన గద మేడమ్. నూటపది కిలోలు."

"ఎక్కుండ్రి సారూ."

ఎక్కాడు. నూట ముప్పై ఒకటి.

హారతి వంగి ఆ అంకె రెండోసారి చూసింది. తర్వాత హారతికి కోపమొచ్చింది. "గాలిల ఎగిరేదాని దగ్గర గూడ అబద్ధమా?"

"అబద్ధం మనుషుల దగ్గరనే చెప్పిన," అన్నాడు ప్రణయ్ తల దించుకుని. "మొదటి ఇంటర్వ్యూల నిజమే చెప్పిన. రెండు సీట్లకు టికెట్ తీస్తవా అని నవ్విండ్రు. అప్పటి సంది తక్కువ చెప్తున్న. కని విమానం లేసేముందు బరువుల లెక్క రాస్తం సూడుండ్రి, అండ్ల ఎన్నడూ ఒక్క కిలో తగ్గియ్యలే. మనుషులు నవ్వుతరు. విమానం నవ్వది."

ఫోన్ తీసి ట్రైనింగ్ నాటి కాగితాలు చూపించాడు. నూట ఇరవై ఎనిమిది. నూట ముప్పై. నూట ముప్పై ఒకటి. ఎగిరిన ప్రతిసారీ నిజమే.

హారతికి అతను నచ్చాడు. దాచడం దేనికి, చాలా నచ్చాడు.

"సేఠ్‌కు నూట ముప్పై ఒకటే చెప్తం," అంది.

"నౌకరీ పోతది."

"నాది గూడ పోవచ్చు. ఆ తెల్లదాన్ని ఓకే చేసింది నేనే గద. ఇద్దరం కల్సి పోదాం తియ్యుండ్రి."

మూడు రోజులు ఆమె ఫోన్ కింద పెట్టలేదు. దేశంలో అమ్మకానికున్న చిన్న విమానాల వాళ్ళందరికీ ఒకటే ప్రశ్న: భుజాల దగ్గర ఎంత? కొందరు విసుక్కున్నారు, కొందరు ఫోన్ పెట్టేశారు. నాసిక్ పెద్దాయన ఒకరు మాత్రం స్వయంగా టేపు పట్టుకుని వెళ్ళి కొలిచి చెప్పారు. రెక్కలు పైనుండే పాత ఆరు సీట్ల విమానం. తలుపు పెద్దది, సీటు బాగా వెనక్కి జరుగుతుంది. రంగు మాత్రం పసుపు.

శనివారం హ్యాంగర్‌కి వచ్చిన సేఠ్, చూపించడానికి నాసిక్ నుంచి తెప్పించిన ఆ విమానాన్ని చూసి ముక్కు విరిచాడు. "ఏ క్యా హై హారతీబేన్? రిక్షాకు రెక్కలు పెట్టినట్టుంది!"

"ముందు మీ తెల్లదాంట్లో కూర్చోండి సేఠ్‌జీ, ప్రణయ్ పక్కన. తర్వాత మీ ఇష్టం."

సేఠ్ హుషారుగా ఎక్కాడు. ఆయనా తక్కువ మనిషేం కాదు. రెండు భుజాలు ఒకచోట చేరేసరికి తలుపు పడలేదు. లోపల్నుంచి "హే భగవాన్" అని మాత్రం వినిపించింది.

కిందికి దిగాక హారతి బరువుల లెక్క ముందు పెట్టింది. సేఠ్ కళ్ళు పెద్దవయ్యాయి. "నూట ముప్పై ఒకటా? ఫారంలో నూటపది అన్నాడు!"

ప్రణయ్ ముందుకొచ్చాడు. "తప్పు రాసింది నేనే సేఠ్. మాఫ్ చేయండి. ఇదే నిజం. తెల్లదాంట్లో ట్యాంకు నింపితే నేనూ, మీరూ, అంతే. పసుపుదాంట్లో అయితే నలుగురూ, చీరల శాంపిళ్ళూ కూడా వస్తాయి."

"వెళ్ళిపో," అన్నాడు సేఠ్. "మొదటి రోజే అబద్ధం చెప్పినవాడు నాకొద్దు."

ప్రణయ్ కదలబోయాడు. హారతి అడ్డంగా నిలబడింది.

"సేఠ్‌జీ, మీ బరువెంత?"

సేఠ్ అటూ ఇటూ చూశాడు. "తొంభై."

హారతి పక్కకు చూపించింది. గోడౌన్ నుంచి తెచ్చిన మూటల కాటా అక్కడే ఉంది.

"నూటనాలుగు," అని గొణిగాడు.

"మరి ఆ సన్నటి పైలట్ మీ మాట నమ్మి తొంభై రాసుకుంటే?" అంది హారతి. "ఈయన ఎవరి మాటా నమ్మడు, తన మాటతో సహా. కాటా చూసే రాస్తాడు. మీరు ఎవరి వెనకాల కూర్చుంటారు?"

ప్రణయ్ ఫోన్‌లోని ట్రైనింగ్ నాటి కాగితాలన్నీ సేఠ్ ఒక్కొక్కటే చూశాడు. చివరికి తన ఫోన్ తీసి తెల్ల విమానం ఫొటో తీసేశాడు. "పసుపు శుభం," అన్నాడు. "లే లో, కొనెయ్."

ఓ మూల నిలబడి చూస్తున్న సోమలింగం అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ప్రణయ్ హారతి వైపు చూశాడు. ఆమె ఫైల్లోకి చూసుకుంటూ కళ్ళు తుడుచుకుంది.

కాగితాల పనంతా అయ్యాక, ఊరి మీద ఒక చుట్టు తిరిగొచ్చే మొదటి ప్రయాణానికి వెనక సీట్లలో సేఠ్, సోమలింగం కూర్చున్నారు. ముందు ప్రణయ్ పక్కన హారతి. పసుపు విమానం రన్‌వే మీద పరుగెత్తి, ఏ తడబాటూ లేకుండా లేచింది. కింద తాపీ నది మెరిసింది. కోసాడ్ క్వార్టర్లు వరసగా కనిపించాయి. వాటిలో ఒక మేడ మీద తల్లి భాగీరథి తలెత్తి చూస్తూ ఉంటుందని ప్రణయ్‌కి తెలుసు. 

ముప్పై ఏళ్ళ మోతకు సోమలింగం చెవులు మొద్దుబారాయి. ఇంట్లో ఆయన ముందే అన్ని రహస్యాలూ మాట్లాడేసుకుంటారు. ఆ అలవాటులోనే ప్రణయ్ మైకులో మెల్లగా అన్నాడు. సేఠ్ సంగతి అసలు గుర్తే లేదు.

"హారతి గారూ, నాకోసం గింత జాగ ఎవ్వరూ ఎతకలే. మీరంటే నాకు పానం. నన్ను పెండ్లి చేసుకుంటరా?"

"మంచిగ అడిగినవ్ కొడుకా!" అని నాలుగు హెడ్‌సెట్‌లూ దద్దరిల్లాయి.

ప్రణయ్ బిత్తరపోయాడు. "నాయినా... నీకు ఇనబడ్డదా?"

"ఇనబడుడేంది! ఈ డబ్బాలు చెవులకు పెట్టుకుంటే మోత బందయింది. ఎన్నేండ్లకో నీ గొంతు సాఫ్‌గ ఇన్న బిడ్డా. మస్తుంది నీ గొంతు." సోమలింగం కళ్ళ నిండా నీళ్ళు. "అమ్మా హారతీ, మాకైతే సంబురమే. నీ మనసుల ఏముందో నువ్వు చెప్పు. మేం చెవులు మూసుకుంటం."

"నేను మూసుకోను. విమానం నాది," అన్నాడు సేఠ్.

హారతి పక్కకు తిరిగి ప్రణయ్‌ని నిండుగా చూసింది. "చేసుకుంట ప్రణయ్," అంది. గారు లేకుండా పిలవడం అదే మొదలు. "మా అమ్మకు నేనే చెప్త."

 అతను మొహమంతా నవ్వుతో విమానాన్ని సూరత్ వైపు మెల్లగా తిప్పాడు. లోపల ఎంతమంది ఉన్నారని టవర్ వాళ్ళు అడిగారు.

"ఫోర్ ఆన్ బోర్డ్," అన్నాడు ప్రణయ్. "అందరం ఇంటోళ్ళమే."