మాస్టారి డిస్కు తుడిచిందెవరు?

ఆదివారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు మాస్టారి డిస్కు చచ్చిపోయిందని తేలింది.

"చచ్చిపోయింది" అన్న మాట పాత కంప్యూటర్ల క్లబ్బు సెక్రటరీది. ఫోన్లో ముందు వెనకలు లేకుండా ఆ మాటొక్కటే విన్న లేడీ ఎస్సై, మనిషే పోయారనుకుని టీ గ్లాసు అక్కడే వదిలేసి వచ్చింది. మూడంతస్తులు ఎక్కేలోపు ఊహించకూడనివన్నీ ఊహించుకుంది. ఆవిడ తత్వమే అంత. కూతురు ఫోనెత్తడం రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రి నంబర్లు వెతుకుతుంది.

లోపల శవం లేదు.

బల్ల మీద పళ్లెమంత నల్లటి ఫ్లాపీ డిస్కు. పక్కన బీరువా అంత పాత కంప్యూటరు. స్క్రీను మీద ఒకే ఒక్క పచ్చ లైను. ఫైళ్లు లేవు.

"దీనికా నన్ను పిలిచింది?"

"దీనికేనమ్మా," అన్నాడు సెక్రటరీ. ఏదో ఆఫీసులో ముప్పై ఏళ్లు కంప్యూటరు ముందు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. "నలభై రెండేళ్ల కిందట మాస్టారు ఒంటిచేత్తో రాసిన ఆపరేటింగ్ సిస్టం. పూర్తి కోడు ఈ ఒక్క డిస్కులోనే ఉంది. దాన్నేం చెయ్యాలో ఇవాళ తేల్చుకుందామని మీటింగు పెట్టాం. ఈలోగా తుడిచేసింది."

"ఎవరు?"

సెక్రటరీ గడ్డంతో కిటికీ వైపు చూపించాడు.

కిటికీ దగ్గర మాస్టారి కోడలు కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఏడవడం లేదు. ఎస్సైకి నచ్చనిది అదే. ఏడిచేవాళ్లతో భయం లేదు. ఇలా రాయిలా కూర్చున్నవాళ్లే ఏ అఘాయిత్యమో చేసుకుంటారు. వెంట వచ్చిన కానిస్టేబుల్ని పక్కకి పిలిచి, "మేడ మీదికెళ్లే తలుపుకి తాళం పెట్టు. ఆ పిల్ల మీంచి కన్ను తియ్యకు," అంది మెల్లిగా.

క్లబ్బు సభ్యులు పదకొండు మందీ గోడవార నిలబడ్డారు. వాలుకుర్చీలో మాస్టారు. చూపు పోయి ఆరేళ్లయింది. ఆయన వెనక ఆయన కొడుకు.

"కేసు రాసుకోండి మేడం," అన్నాడు కొడుకు. "మా నాన్న బతుకంతా తుడిచిపెట్టింది. సాయంత్రానికల్లా బట్టలు సర్దుకోమని అందరి ముందూ చెప్పేశాను."

"అబ్బాయ్, నోరు ముయ్యి," అన్నారు మాస్టారు. గొంతులో పస లేదు.

"ఆ అమ్మాయే తుడిచిందని ఎలా చెబుతున్నారు?" ఎస్సై అడిగింది.

సెక్రటరీ అందుకున్నాడు. ఆరు నెలలుగా క్లబ్బులో రెండు జట్లట. సిస్టంని ఉన్నదున్నట్టు అద్దాల పెట్టెలో పెట్టి దాచాలని ఆయన జట్టు. కొత్త కంప్యూటర్ల మీద నడిచేలా తిరగరాసి అందరికీ పంచాలని కోడలి జట్టు. పోయిన ఆదివారం మాటా మాటా పెరిగింది.

"అప్పుడేమందో ఆ అమ్మాయినే చెప్పమనండి," అన్నాడు.

"ఈ పాతదాన్ని తగలేస్తే గానీ మీరు కొత్తదాని మొహం చూడరు అన్నాను," కోడలు తల తిప్పకుండానే చెప్పింది. "కోపంలో అన్నాను."

కోపంలో అన్న మాట కోర్టు దాకా నడిచెళ్లడం ఎస్సై చాలాసార్లు చూసింది.

"రిజిస్టరు తీసుకురండి."

శనివారం పేజీలో మూడే సంతకాలు. రేడియో మెకానిక్కు: నాలుగు నుంచి నాలుగూ ముప్పావు. కోడలు: అయిదూ పది నుంచి అయిదూ నలభై. సెక్రటరీ: ఆరూ అయిదు నుంచి ఆరున్నర.

మెకానిక్కు ముందుకొచ్చాడు. మెడలో కళ్లజోడు, వేళ్లకి గ్రీజు.

"నువ్వేం చేశావయ్యా?"

"పదకొండేళ్లుగా మూలపడ్డ, డిస్కులు చదివే డ్రైవులు రెంటినీ బాగుచేశానమ్మా. బెల్టులు మార్చి, ఈ డిస్కే పెట్టి చూశాను. ఫైళ్ల పేర్లు బారులు తీరి వచ్చాయి. నాలుగూ నలభైకి."

"ఇంతకుముందు కాపీ ఎందుకు తియ్యలేదు?"

"గుర్రం లేందే స్వారీ ఏంటమ్మా? డ్రైవులు నిన్ననేగా లేచాయి!"

ఎస్సై డిస్కుని రుమాలుతో ఎత్తి చూసింది. అంచున చిన్న గాటు. దాని మీద అగ్గిపెట్టె పక్కంత నల్ల టేపు.

"ఈ టేపు నువ్వేశావా?"

"లేదమ్మా. నేను చూసినప్పుడు లేదు."

"అది మామూలే మేడం," గోడవార నుంచి ఎవరో అన్నారు. "రక్షణ టేపు. పాత ఫ్లాపీలన్నిటికీ వేస్తారు."

అందరూ తలలూపారు. ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

ఎస్సై వదల్లేదు. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టింది.

"ఒకే ప్రశ్న. ఈ డిస్కుని కాపాడాలంటే మీరేం చేస్తారు?"

"బీరువాలో పెట్టి తాళం వేస్తా," మెకానిక్కు అన్నాడు.

"కాపీ తీసి నాలుగు చోట్ల పెడతాను," కోడలు అంది.

"ఇంజినీర్లు! తలకాయ తప్ప అన్నీ ఉంటాయి." సెక్రటరీ వెటకారంగా నవ్వాడు. "గాటు మీద టేపు అంటిస్తాను మేడం. అంతే. ఇక దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు. ముప్పై ఏళ్లు ఆఫీసులో అదే చేశాను."

"మీ ఆఫీసులో కూడా ఇంత పెద్ద డిస్కులేనా?"

"అబ్బే, అరచెయ్యంతవి. చిన్నవి."

ఎస్సై మాస్టారి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుని చూపుడువేలిని డిస్కు అంచు మీద పెట్టింది.

వేలు టేపు తగలగానే ఆగిపోయింది. ముసలాయన ముందుకి వంగారు. ఆవిడ చెవిలో ఏదో చెప్పారు.

ఎస్సై లేచింది. అప్పటికి టైము పదకొండూ ఇరవై.

"చిన్న డిస్కుకి గాటు మూస్తే రాత ఆగుతుంది. ఈ పెద్ద డిస్కుకి లెక్క తలకిందులు. గాటు తెరిచి ఉంటేనే రక్షణ. మూస్తే ఎవరైనా రాసెయ్యొచ్చు, చెరిపెయ్యొచ్చు. ఈ గదిలో అది తెలిసింది మాస్టారికి ఒక్కరికే. ఆయనకేమో టేపు కనబడదు. మీలో ఎవరూ ఆయనకి చెప్పలేదు."

గోడవార, రక్షణ టేపు అన్నాయన తల దించుకున్నాడు.

"కావాలని తుడిచేవాళ్లయితే పనయ్యాక టేపు పీకేస్తారు. ఇది అలాగే ఉంది. అంటే, అంటించినవాళ్లు తాము కాపాడామనే అనుకుంటున్నారు. ఈ అమ్మాయికి టేపు ఊసే తెలీదు. సెక్రటరీగారూ, టేపు అంటించాక ఏం చేశారు?"

సెక్రటరీ జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎందుకైనా మంచిదని... ఒక కాపీ తీద్దామని..."

"మాస్టారు అనుమానించినట్టే, రెండు డ్రైవుల్లో రెండు డిస్కులు పెట్టారు. ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. కమాండులో ఏది ముందు రాయాలో, ఏది వెనక రాయాలో తారుమారైంది. అంతేనా?"

"టేపు ఉందిగా, ఏం కాదులే అనుకున్నాను."

"ఆ ధైర్యంతోనే సరిచూసుకోలేదు. ఖాళీది వచ్చి నిండుదాని మీద పడింది." ఎస్సై ఒక అడుగు ముందుకేసింది. "పొరపాటుకి నేను బేడీలు వెయ్యను. కానీ ఇది చెప్పండి. కాపీ మొదలుపెట్టే ముందు ఫైళ్లున్నాయో లేదో చూశారా?"

సెక్రటరీ రిజిస్టరు వైపు చూశాడు.

"చూశారా?"

"చూశాను."

"ఉన్నాయా?"

"ఉన్నాయి."

"టైమెంత?"

"ఆరూ పది."

"ఈ అమ్మాయి వెళ్లిపోయింది అయిదూ నలభైకి. ఆవిడ వెళ్లిన అరగంట తర్వాత కూడా డిస్కు నిక్షేపంగా ఉందని మీకు తెలుసు. తెలిసే వేలు చూపించారు."

"నా మొహం ఎలా చూపించుకోనమ్మా?" సెక్రటరీ కుర్చీలో కూలబడ్డాడు. "ఉన్నదున్నట్టు ఉంచాలని గొంతు చించుకున్నవాణ్ని. నా చేత్తోనే... పొద్దున అందరూ ఆ అమ్మాయి వైపే చూశారు. నేనూ చూశాను."

మాస్టారు డిస్కు కోసం చెయ్యి చాపారు. మెకానిక్కు తెచ్చి ఒళ్లో పెట్టాడు. దాని మీద అరచెయ్యి ఆనించుకుని అలాగే ఉండిపోయారు, జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్లు చూస్తున్నట్టు.

కొడుకు కిటికీ దగ్గరికి నడిచాడు. భార్య మీదికి వంగాడు. "సరేలే, అయిందేదో అయింది. ఇంటికి పద," అన్నాడు గుసగుసగా.

కోడలు అప్పుడు తలెత్తింది.

"బట్టలు సర్దుకోమని పదకొండు మంది ముందు అన్నారు. ఇంటికి పదమని చెవిలో అంటున్నారేం?"

అతను గోడవారకి చూశాడు. పదకొండు మొహాలూ అతన్నే చూస్తున్నాయి. జేబులో బండి తాళాలు వెతుక్కోసాగాడు.

ఆమె లేచింది. మామగారి దగ్గర ఆగి, భుజం మీద శాలువా సరిచేసింది. "సాయంత్రం మందు మర్చిపోకండి మామయ్యగారూ," అంది. బ్యాగు తీసుకుని ఎస్సై ముందుకొచ్చింది. ఇప్పుడు ఏడుస్తోంది.

"మేడం, మీరెటు వెళ్తున్నారు?"

ఆ ఏడుపు చూశాక ఎస్సైకి కాస్త ఊపిరి ఆడింది.

"నువ్వెటంటే అటేనమ్మా," అంది.