రెండు గ్రాముల సూది

"ఇది బంగారం దుకాణం. రేడియోలు బాగుచేసేది పక్క సందుల," అంది వనిత, కౌంటర్ మీద దిగిన పెట్టెను చూసి.

"రేడియో కాదు మేడం, రికార్డ్ ప్లేయర్. ఇయ్యాల్నే మీ ఊళ్ల కొన్న," అన్నాడు ఉపేందర్ చెమట తుడుచుకుంటూ. "దీని సూది రికార్డు మీద సరిగ్గా రెండు గ్రాముల బరువుతోని ఆనాలె. ఎక్కువైతే రికార్డును గీకేస్తది, తక్కువైతే ఎగిరి దుంకుతది. గ్రాములు తూచే కాటా మీ దగ్గర గాక ఇంకెవరి దగ్గరుంటది?"

మిర్యాలగూడలో ఆ దుకాణం పెట్టి ముప్పై ఏళ్లయింది గానీ, సూదిని తూచమని వచ్చిన మొదటి బేరం ఇదే. వనిత నవ్వాపుకోలేక, అరచేతిలో పట్టే చిన్న కాటాను ప్లేయర్ పళ్లెం మీద పెట్టి సూదిని దాని మీదికి దించింది. అంకెలు ఆమె వైపున్నాయి. ఆమె చదవాలి, అతను సూది ఉన్న కడ్డీకి వెనక చివరనున్న గుండ్రటి బరువును తిప్పాలి.

"మూడున్నర."

"ఇప్పుడు?"

"జర తగ్గింది. ఇంక తిప్పు... అయ్యో, గంత తిప్పితే ఎట్ల? నా మొకం గాదు, బరువు సూడు!"

ఉపేందర్ చెవులు ఎర్రబడ్డాయి. రెండు గ్రాములు కుదిరేసరికి మనవాడు నిలువునా ప్రేమలో పడిపోయాడు.

మరుసటి శనివారం మళ్లీ దిగాడు. సూర్యాపేట నుంచి బస్సులో, ప్లేయర్‌ను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని.

"మళ్ల పెరిగిందా?"

"బస్సు కుదుపులకు కదిలింది."

ఆ పై వారం ఎండకు ఉబ్బింది. ఇంకో వారం వాళ్లమ్మ దుమ్ము దులిపింది.

"సూర్యాపేటల బంగారం దుకాణాలే లెవ్వా?" అంది వనిత.

"ఉన్నయ్. గానీ ఆ కాటాలు గింత మంచిగ లెవ్వు."

అసలు సంగతేమిటంటే, ప్రతి శనివారం పొద్దున్నే ఆ బరువును తనే తిప్పి చెడగొట్టుకుని బస్సెక్కేవాడు. సిగ్గు లేదా అంటే, లేదు. పాట ఎగిరి దుంకుతోందని అమ్మ సులోచన వారమంతా విసుక్కున్నా పట్టించుకోలేదు. పాట ఎవడిక్కావాలి, శనివారం రావాలి గానీ!

ఆరో శనివారం వనిత నవ్వలేదు. చాలాసేపు తూచింది.

"ఇగ సరిగ్గున్నది. వచ్చే శనివారం దాకనే నేనీడ ఉండేది. తర్వాత కోదాడల మా బాబాయి పెట్టే కొత్త దుకాణం. గాడ నాకో సంబంధం గూడ సూసిండ్రు."

ఇంటికెళ్లి రికార్డు పెడితే, పాట పక్కనే కూర్చుని పాడినంత స్వచ్ఛంగా వచ్చింది. సులోచన గరిటెతో సహా వచ్చి కూర్చుంది. ఉపేందర్‌కు మాత్రం ఏడుపొచ్చింది. వారమంతా ఆ బరువు మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు.

శనివారం వెళ్లేసరికి కౌంటర్‌లో దుకాణం యజమాని, వనిత బాబాయి సోమయ్య ఉన్నాడు. ఆమె వెనకాల కమ్మలు సర్దుతోంది. సోమయ్యే తూచాడు.

"సరిగ్గా రెండు. ఇంకేం పని పిలగా?"

ఏ పనీ లేదు. ఉపేందర్ ప్లేయర్ ఎత్తుకోబోయి, మళ్లీ కింద పెట్టేశాడు. ఇప్పుడు నోరు తెరవకపోతే వనిత కోదాడ వెళ్లిపోతుంది.

"వనితతోని పని సార్. ఇన్ని వారాలు నేనే తిప్పి చెడగొట్టుకొని తెచ్చిన. ఆమంటే నాకు పాణం. కోదాడకు పంపకుండ్రి."

గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు గాజులు వదిలేసి ఇటు తిరిగారు. సోమయ్య కుర్చీలోంచి లేచాడు.

"బాబాయ్, తప్పు ఆయనొక్కనిదే గాదు," అంది వనిత ముందుకొచ్చి. "రెండోసారి నుంచి నేను గూడ... కాటా ఒకటిన్నర సూపిస్తుంటే రెండని చెప్పి పంపిన. పాట మంచిగ రాకుంటే మళ్ల వస్తడని. పోయిన వారమే నిజం తూచిన."

సోమయ్య ముఖం చూసి తీరాలి. ప్రేమ సంగతి ఆయన చెవికెక్కనే లేదు.

"తప్పు తూకమా? నా దుకాణంలనా? ముప్పై ఏళ్లల్ల వీసమెత్తు తేడా రాలే గదనే!"

"ఒక్కరికే బాబాయ్."

"ఒక్కరికైతే మాత్రం! తూకం తప్పిన పిల్లను కోదాడ కాటా ముందట ఎట్ల కూసోబెడత?"

ఫోన్ తీసి వనిత తండ్రికి కలిపాడు.

"అన్నా, ఆ కోదాడోళ్లను వద్దను. మన పిల్ల ఓ గిరాకిని నెలరోజులు మోసం జేసింది. ఆ నష్టం కింద ఆ పిలగానికి పిల్లనిస్తె తప్ప ఇగ మన దుకాణం పరువు నిలవదు!"