గొంతునొప్పి మాత్రలు

"ఆ కుట్టుమిషను మీద వంగి వంగి తెచ్చుకున్న నొప్పే ఇది. నా మాట వింటేగా..." అని అత్తగారు ఆర్నెల్లుగా సాధిస్తూనే ఉంది. కోడలికి కుడివైపు పక్కటెముకల కింద పొడిచినట్టుండేది. గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పే, దగ్గినా నొప్పే. పిత్తాశయంలో రాళ్లన్నారు, స్కానింగులో ఒక్క రాయీ కనబడలేదు. గ్యాసన్నారు, ఎన్ని మందులు మింగినా తగ్గలేదు. చివరికి అత్తగారు మిషను మీద దుప్పటి కప్పేసి, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేసింది. నొప్పికి ఏడవని పిల్ల ఆ రోజు ఏడ్చింది.

పొట్టలోకి చిన్న కెమెరా పంపి చూసిన డాక్టరమ్మ, మర్నాడు ఆమె మంచం పక్కనే కూర్చుంది.

"నీ కాలేయం పొట్ట గోడకి అతుక్కుపోయిందమ్మా, దారంతో టాకాలు వేసినట్టు. ఆ అతుకులు కత్తిరించాను. ఇది గర్భసంచి నుంచి పైకి పాకిన ఇన్ఫెక్షన్. భార్యాభర్తల కలయికలో అంటేది. మొదట్లోనే వారం రోజులు మాత్రలు వేసుకుంటే పోయేది. ఇప్పుడు గర్భనాళాలు దెబ్బతిన్నాయి... పిల్లల సంగతి చెప్పలేను. మీ ఆయన కూడా మందు వాడాలి."

మంచానికి అవతల నిలబడ్డ భర్త, ఊరూరా తిరిగి లిఫ్టులు బాగుచేసే మనిషి, తల వంచుకున్నాడు. "నేను... అప్పుడే వాడానండి."

"ఆవిడకివ్వకుండానా? అయితే మళ్లీ వాడాలి, ఇద్దరూ," అని డాక్టరమ్మ లేచి వెళ్లిపోయింది.

సుఖవ్యాధట! సుఖం ఒకరిది, వ్యాధి ఇంకొకరిది. ఆమెకి గుర్తొచ్చింది. గొంతునొప్పని చెప్పి మాత్రలు తెచ్చుకున్నాడు. మతిమరుపు మనిషి కదా అని రెండు పూటలా నీళ్లగ్లాసుతో వెంటపడి ఏడు రోజులూ తనే మింగించింది. ఒక్క పూట తప్పనివ్వలేదు.

పక్కనే ఉండి అంతా విన్న అత్తగారు కొడుకు వైపు చూస్తూ కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ పాపం ఈ పిల్ల మోస్తుంటే, నేను దీన్నే ఆడిపోసుకున్నాను కదరా. నా నోరు పడిపోను... ఇంటికెళ్లగానే ఆ దుప్పటి నేనే తీస్తాను తల్లీ."

"మీకేం తెలుసు అత్తయ్యా," అంది కోడలు.

భర్త మాత్ర, గ్లాసు అందించాడు. "అప్పుడూ ఇద్దరినీ వేసుకోమన్నారు. నీకేమని చెప్పి ఇవ్వాలో తెలియక..."

ఆమె మాత్ర మింగి, గ్లాసు అతని చేతికే ఇచ్చింది.

"గొంతునొప్పనే చెప్పాల్సిందండీ. నీకూ అంటుకుంటుంది, నువ్వూ వేసుకో అనుంటే... ఎందుకని అడక్కుండా మింగేదాన్ని."